అక్క నన్ను జోరీగ అంటోంది

ప్రశ్న: నాకు 17 ఏళ్లు. బొమ్మలు వేస్తాను. రెండేళ్లుగా మ్యూజికల్స్, అంటే పాటలతో నడిచే నాటకాల పిచ్చి పట్టుకుంది. స్టేజీ మీద ఒక్కటీ చూడలేదు గానీ పాటల ఆల్బమ్‌లు అరిగిపోయేలా విన్నాను. అన్నిటికంటే ఇష్టం ‘సండే ఇన్ ది పార్క్ విత్ జార్జ్’. జార్జ్ సురా అనే ఫ్రెంచ్ చిత్రకారుడు ఒక పెయింటింగ్ వేయడం చుట్టూ అల్లిన కథ అది. అందులో టోపీ పాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ టోపీనే నలభై సార్లు గీసుంటాను. ఈ సంతోషం ఎవరితోనైనా పంచుకోవాలని మనసు కొట్టుకుంటుంది. ఫ్రెండ్స్ ఏమో ‘మళ్లీ మొదలెట్టింది’ అన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. మొన్న అత్తకి కథంతా చెప్పి పాట పెడితే, సగంలో ‘ఇది ఎప్పుడు అయిపోతుందే?’ అంది. అక్క ఇంటర్వ్యూకి వెళ్లొచ్చిన రోజు కొత్త బొమ్మ చూపించబోతే, ‘చెవిలో జోరీగలా తయారయ్యావు’ అని తలుపేసుకుంది. వీళ్లకి కళంటే తెలియదా? నాలోనే ఏదైనా తేడా ఉందా? ఇక ఎవరికీ ఏమీ చెప్పకుండా ఉండిపోనా?

జవాబు: నీలో తేడా ఏమీ లేదమ్మా. ఒకే టోపీని నలభై సార్లు గీసే ఓపిక ఉన్న పిల్ల గురించి నాకు బెంగ లేదు. అత్త మీద కూడా కోపం తెచ్చుకోకు. పాట వినిపిస్తానని కూర్చోబెట్టి చాటభారతం విప్పితే ఎవరైనా గడియారం చూస్తారు.

ఇష్టమైనదాన్ని పంచుకోవడంలో ఒక చిక్కుంది. ‘అద్భుతం, నీకు తప్పకుండా నచ్చుతుంది’ అని ముందే అనేస్తే, ఎదుటివాళ్లకి ఇక మెచ్చుకోవడం తప్ప వేరే పని మిగలదు. నువ్వు పొందిన ఆశ్చర్యం వాళ్లకీ దొరకాలంటే తీర్పు దాచుకుని వస్తువు చూపించు. అత్తకి కథ అక్కర్లేదు. జార్జ్ సురా 1884లో మొదలుపెట్టి రెండేళ్లు వేసిన ఆ పెయింటింగ్ ఉంది కదా, నది ఒడ్డున ఆదివారం మధ్యాహ్నం, గొడుగులు, కుక్కలు, కోతి. ముందు ఆ బొమ్మ చేతికివ్వు. రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల వెడల్పున్న కాన్వాస్ నిండా చుక్కలు చుక్కలుగా రంగు అద్దాడని చెప్పు. కోతిని వెతకమను, వెతుకుతుంది. అప్పుడు మొదటి అంకం చివరి పాట ఒక్కటి పెట్టు. అంతవరకూ స్టేజీ మీద సణుక్కుంటూ, కీచులాడుకుంటూ తిరిగిన మనుషులు ఒక్కొక్కరే వచ్చి తమ చోట నిలబడితే, అదే ఆ పెయింటింగ్ అవుతుందని ఒక్క ముక్క చెబితే చాలు. వన్స్‌మోర్ అనకపోయినా ‘ఎప్పుడు అయిపోతుంది’ అని మాత్రం అడగదు.

ఫ్రెండ్స్ అందరూ వినాలని పట్టుబట్టకు. చెవిటివాడి ముందు శంఖం ఊది, ఊదినందుకు మనమే నొచ్చుకోవడం ఎందుకు? నీకు కావాల్సింది పదిమంది శ్రోతలు కాదు, నీ పనిని పనిలా చూసే ఒక్కరు. ఆ మ్యూజికల్‌కి పాటలు కట్టిన స్టీఫెన్ సోండ్‌హైమ్‌కి చిన్నప్పుడే అలాంటి మనిషి దొరికాడు. పదిహేనేళ్లప్పుడు స్కూల్లో తనే ఒక మ్యూజికల్ రాసి, ‘ఒక్లహోమా’ అనే పేరున్న మ్యూజికల్ రాసిన ఆస్కర్ హామర్‌స్టైన్‌కి ఇచ్చాడు. నేనెవరో తెలియదనుకుని చదవండి అన్నాడు. ఇంత ఘోరమైనది ఎప్పుడూ చదవలేదు అన్నాడు ఆయన. అయితే అక్కడితో పొమ్మనలేదు. ప్రతిభ లేదనడం లేదంటూనే, ఎందుకు బాగోలేదో ఆ మధ్యాహ్నమంతా కూర్చుని మొదటి పేజీ నుంచి విడమరిచి చెప్పాడు. ఆ ఒక్క పూటలో నేర్చుకున్నంత చాలామంది జీవితమంతా నేర్చుకోలేరని సోండ్‌హైమ్ ముసలితనంలోనూ తలుచుకునేవాడు. నీ బొమ్మల టీచరుకో, నాటకాలు వేసే బృందానికో నీ నలభై టోపీలు చూపించు. మెచ్చుకోలు కాదు, తప్పులు అడుగు.

నాటక బృందాలకి పాడేవాళ్లు ఎంతమంది వస్తారో గానీ గీసేవాళ్లు దొరకడం కష్టం. సెట్ డిజైనర్లు అసలు సెట్ కట్టే ముందు, ఎక్కువగా 1:25 కొలతలో, అంటే అసలు సైజులో ఇరవై అయిదో వంతుగా, అట్టతో చిన్న స్టేజీ చేసుకుంటారు. చెప్పుల డబ్బాతో నువ్వూ ఒకటి చేయొచ్చు. ‘ఈ పాట విను’ అంటే పారిపోయే స్నేహితులు, ‘ఇందులోకి తొంగిచూడు’ అంటే తప్పకుండా చూస్తారు.

ఇక అక్క సంగతి. నీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నేను అక్కడే ఆగిపోయాను.

నీకంత ఇష్టమైన టోపీ పాట ఎక్కడి నుంచి పుట్టిందో నీకు నాకంటే బాగా తెలుసు. ఆ సాయంత్రం తన ప్రేయసి డాట్‌ని షోకి తీసుకెళ్తానని జార్జ్ మాటిచ్చాడు. ఆమె అద్దం ముందు కూర్చుని పౌడరు అద్దుకుంటోంది. ఇతను కాన్వాస్ మీద చుక్కలు అద్దుతున్నాడు. ఆమె ముస్తాబై నిలబడింది. బొమ్మలోని టోపీ పూర్తిచేయాలన్నాడు. చివరికి ఆమె వేరే మనిషిని వెతుక్కుని వెళ్లిపోయింది. నువ్వు టోపీని నలభై సార్లు గీశావు. ముస్తాబై నిలబడ్డ మనిషిని ఎన్నిసార్లు గీశావు?

అక్క ఇంటర్వ్యూ నుంచి వచ్చిన రోజు, అన్నావు. ఇంటర్వ్యూ ఎలా జరిగిందో మాత్రం ఉత్తరంలో ఎక్కడా లేదు. అడిగావో లేదో కూడా లేదు. నిన్ను తప్పుపట్టాలని ఎత్తిచూపడం లేదు, పదిహేడేళ్లప్పుడు మా ఇంట్లో నేనూ ఇంతే. పైగా ‘జోరీగ’ అని తలుపేసుకున్న అక్క కళ తెలియనిది కాకపోవచ్చు. ఆ పూట ఆమె దగ్గరా చెప్పుకోవాల్సిందేదో ఉండి ఉంటుంది.

చెప్పడం మానేయడం గురించి ఇప్పుడేమీ ఆలోచించకు. ఈ రాత్రి ఆల్బమ్ ఆపి, చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి, అక్క గది తలుపు తట్టు. బొమ్మ పట్టుకెళ్లకు. ‘ఆ రోజు ఇంటర్వ్యూ ఎలా అయిందక్కా?’ అని అడుగు.