రేక్‌బ్యాక్‌తో నెలకి ఎంతో కొంత మిగులుతుందా? నా మే నెల లెక్క చూడండి

ప్రశ్న ఇది: "పోకర్ యాప్‌లో 40 శాతం రేక్‌బ్యాక్ ఇప్పిస్తానని ఒకాయన అంటున్నాడు. నాకు ఆట ఓ మాదిరిగా వచ్చు. పెద్దగా గెలవకపోయినా రేక్‌బ్యాక్‌తో నెలకి ఎంతో కొంత మిగులుతుందా?"

మిగలదు. బెంగళూరు మారతహళ్లిలో రూమ్ తీసుకుని ఉన్న రెండేళ్లూ దాదాపు రోజూ రాత్రి మూడు నాలుగు గంటలు ఆడి, ప్రతి రూపాయీ ఎక్సెల్ షీట్‌లో రాసుకున్నవాడిగా చెప్తున్నా. ఇప్పుడు మన దేశంలో డబ్బు పెట్టి ఆడించే యాప్‌లకి చట్టంలో చోటే లేదు, ఆ సంగతి కిందకి వస్తా. ముందు ఆ 'ఎంతో కొంత' అనే మాట తేల్చుకోవాలి, ఎందుకంటే నన్ను ముంచింది అదే.

ఊళ్లో పేకాట ఆడించేవాడు ఆట ఆటకీ తన కమీషన్ పక్కకి తీస్తాడు కదా, యాప్ తీసేదీ అదే, పేరు రేక్. నేను ఆడింది 5/10 రూపాయల బ్లైండ్స్ టేబుళ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు 5, 10 చొప్పున తప్పనిసరిగా పందెం వేసే టేబుళ్లు. ఆటలో అందరూ వేసిన పందేల మొత్తం, అదే పాట్, దాంట్లో 5 శాతం కోసేవాళ్లు, ఇంతకు మించి కోయకూడదని ఒక పరిమితి ఉండేది. 800 పాట్ గెలిస్తే చేతికొచ్చేది 760. గెలిచిన ఊపులో ఆ 40 ఎవరికీ కనపడదు. నెలంతా అలా కోసిన దాంట్లో మీ వాటా ఇంత అని లెక్కగట్టి, అందులో 30 శాతమో 40 శాతమో తిరిగిస్తే అది రేక్‌బ్యాక్. మీ దగ్గర తీసుకున్న దాంట్లోంచి మీకే ఇస్తున్నారు, అదీ సగానికి తక్కువ.

ఇప్పుడు 2023 మే 31 రాత్రి. ఆ యాప్‌లో నెలకి 15,000 రేక్ కట్టినవాడికి గోల్డ్ హోదా, 40 శాతం రేక్‌బ్యాక్. అంతకు ఒక్క రూపాయి తగ్గినా సిల్వర్, 30 శాతం. ఆఫీసు నుంచి రూమ్‌కి వచ్చి చూసుకుంటే నా రేక్ 14,200 దగ్గర ఉంది. ఇంకా 800 కావాలి, గడువు రాత్రి పన్నెండింటికి కాదు, వాళ్ల లెక్కలో తెల్లవారుజామున నాలుగింటికి. 14,200 మీద 30 శాతం అంటే 4,260. 15,000 మీద 40 శాతం అంటే 6,000. తేడా 1,740 రూపాయలు, మా రూమ్ కరెంటు బిల్లూ వైఫై బిల్లూ కలిపినా ఇంకా మిగిలే డబ్బు. వదలబుద్ధి కాలేదు. మామూలుగా రెండు టేబుళ్లే ఆడేవాణ్ణి, ఆ రాత్రి నాలుగు తెరిచాను.

మా రూమ్మేట్ మదనపల్లె అన్న, క్యాబ్ నడిపేవాడు. ఎయిర్‌పోర్టు ట్రిప్పు ముగించుకుని ఒంటిగంటకి వచ్చాడు.

"ఏరా, ఇంకా పడుకోలేదా? పొద్దున ఆఫీసు లేదా?"

"టార్గెట్ ఉంది అన్నా. ఇంకో నాలుగొందల రేక్ కడితే పదిహేడు వందలు ఎక్కువొస్తాయి."

అన్న షూస్ విప్పుతూ స్క్రీన్ వైపు చూసి, "మాకూ అంతేరా. ఆఖరి రెండు ట్రిప్పులు కొడితే ఇన్సెంటివ్ అంటారు. నిద్రమత్తులో ఆ రెండు ట్రిప్పులకి పోయామా, ఎక్కడో గీత పడుతుంది, దానికి వచ్చిందంతా పెట్టాలి" అని పడుకున్నాడు.

నాకు గీత పడింది రెండున్నర ప్రాంతంలో. ఒక టేబుల్‌లో జత రాజులు పట్టుకుని ఉన్నా, బోర్డు మీద, అంటే అందరికీ ఉమ్మడిగా పరిచిన ముక్కల్లో, నాలుగు హార్ట్స్, నా చేతిలో హార్ట్ లేదు. ఎదుటివాడి దగ్గర ఒక్క హార్ట్ ఉన్నా నేను ఓడినట్టే. పగలైతే రెండో ఆలోచన లేకుండా మడిచేసే, అంటే ఇంక డబ్బు పెట్టకుండా వదిలేసే చెయ్యి. కానీ మూడో టేబుల్‌లో టైమర్ మోగుతోంది, నా కళ్లు పైనున్న రేక్ మీటర్ మీద ఉన్నాయి, పెద్ద పాట్ అయితే రేక్ ఎక్కువ పడుతుంది కదా అని మనసులో ఒక మూల అనిపించింది. నిజంగా అనిపించింది. ఎదుటివాడి పందేనికి సరిపడా వేసి కాల్ కొట్టాను, పోయింది. ఆ తర్వాత ఆడిందంతా ఆటే కాదు. 3:10కి గోల్డ్ వచ్చింది, స్క్రీన్ మీద మెరుపులు కూడా వచ్చాయి. ఆ రాత్రి పోయింది 7,300.

లెక్క చూడండి. ఆ సాయంత్రానికి ఆ నెలలో నేను 3,100 నష్టంలో ఉన్నా. పడుకుని ఉంటే 4,260 వచ్చేది, 1,160 మిగిలేది. పడుకోలేదు కాబట్టి నష్టం 10,400కి చేరింది, 6,000 వచ్చింది, 4,400 పోయింది. 1,740 కోసం 5,560 పోగొట్టుకున్నాను.

కానీ నన్ను బాగా కదిలించింది ఈ నష్టం కూడా కాదు. జూన్‌లో షీట్ ముందేసుకుని ఆ సాయంత్రం వరకు లెక్క మళ్లీ చూస్తే, రేక్ అనేదే లేకపోతే నేను 11,100 లాభంలో ఉన్నా. అంటే ఎదుటివాళ్ల మీద గెలిచాను! గెలిచిన 11,100 మీద యాప్ 14,200 తీసుకుంది. దాంట్లోంచి 4,260 విసిరితే 'మిగిలింది' అని సంబరపడేవాణ్ణి. అందుకే ఎవరైనా 40 శాతం తిరిగిస్తాం అంటే నాకు వినపడేది 60 శాతం ఉంచుకుంటాం అని.

ఆ 'మీ వాటా' లెక్కలోనూ తిరకాసు ఉంది, శాతం చూసేవాళ్లు అది చూడరు. కొన్నిచోట్ల ముక్కలు అందిన ప్రతివాడికీ రేక్ సమానంగా పంచి రాస్తారు, అప్పుడు జాగ్రత్తగా ఆడేవాడికి మేలు. ఎక్కువచోట్ల పాట్‌లో ఎవడు ఎంత వేశాడో దాన్ని బట్టి రాస్తారు, అప్పుడు చేతులు మడిచేవాడికి పెద్దగా ఏమీ రాదు, దూకుడుగా చిప్స్ తోసేవాడికే వస్తుంది. పైగా అది నగదుగా వస్తుందా, ఇంకా ఆడితేనే విడుదలయ్యే బోనస్‌గా వస్తుందా అన్నది ఇంకో ప్రశ్న. బోనస్ అయితే రేక్ కట్టి మరీ రేక్‌బ్యాక్ తీసుకోవాలి.

ఈ టార్గెట్లు మనుషుల్ని ఎలా మారుస్తాయో ఎవరూ మాట్లాడరు, అది నా కోపం. మా ఊరు హిందూపురం దగ్గర. తెలంగాణలో 2017 నుంచి, ఆంధ్రలో 2020 నుంచి ఆన్‌లైన్ డబ్బాటలు నిషేధం. గౌరీబిదనూరు దాటి రైలు ఆంధ్రలోకి వచ్చిందంటే మీ రాష్ట్రంలో ఆడటం కుదరదని యాప్ మెసేజ్ పెట్టేది. పండక్కి ఊళ్లో ఉన్నన్ని రోజులూ రేక్ పడదు, నెలాఖరుకి గోల్డ్ పోతుందని టెన్షన్. 2023 సంక్రాంతికి ఆఫీసులో పని ఉందని అమ్మకి చెప్పి కనుమ నాడే బస్సెక్కాను. అమ్మ గారెలు డబ్బాలో పెట్టిచ్చింది. ఆ ఒక్క అబద్ధం ఇప్పటికీ గుచ్చుతుంది.

పన్నులు ఇంకో వైపు. 2023 ఏప్రిల్ నుంచి నికర గెలుపు మీద 30 శాతం టీడీఎస్, నిరుడు పోగొట్టుకున్నదాన్ని ఈ ఏడు గెలిచిన దాంట్లో తీసేసుకోవడానికి లేదు. అదే ఏడాది అక్టోబరు నుంచి డిపాజిట్ మొత్తం మీద 28 శాతం జీఎస్టీ. 100 వేస్తే పన్ను పోను 78 చిల్లర. చాలా యాప్‌లు ఆ తేడాని బోనస్‌గా ఇచ్చాయి కానీ ఊరికే ఎవరిస్తారు, ఎక్కడో ఒకచోట తగ్గిస్తారు. ఆ నెలలోనే మానేశాను.

ఇక మీకు ఇప్పిస్తానంటున్న 'ఒకాయన' సంగతి. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పడిన చట్టంతో ఆన్‌లైన్ డబ్బాటలన్నీ నిషేధం, పోకరైనా రమ్మీ అయినా. నడిపేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేసేవాడికి రెండేళ్లు, 50 లక్షల దాకా. మన దేశపు యాప్‌లు అప్పుడే డబ్బు టేబుళ్లు మూసేశాయి. కాబట్టి ఈరోజు మీకు 40 శాతం అంటున్నవాడు బయటి దేశపు సైట్‌కి ఏజెంటే అయ్యుంటాడు. మీరు కట్టే రేక్‌లో వాడికీ వాటా ఉంటుంది, మీరు ఎంత ఎక్కువ ఆడితే వాడికి అంత. డబ్బు ఎవరిదో సొంత యూపీఐకి పంపమంటాడు. అలాంటి ఖాతా ఏదైనా సైబర్ కేసులో ఉంటే మీ బ్యాంకు ఖాతా కూడా ఫ్రీజ్ అవ్వొచ్చు. చట్టం ఆడేవాణ్ణి శిక్షించదు, నిజమే, కానీ విత్‌డ్రా ఆగిపోతే మీరు ఎవరి దగ్గరికి వెళ్తారు?

ఇదివరకు ఆడిన చరిత్ర మీ దగ్గర ఉంటే ఒక్క పని చేయండి. నెలవారీగా నాలుగు గడులు గీయండి: టేబుల్ మీద వచ్చింది లేదా పోయింది, కట్టిన రేక్, తిరిగొచ్చింది, ఆడిన గంటలు. నాలుగో గడి నేను మొదట్లో పెట్టుకోలేదు. మే నెలకి తర్వాత లెక్కేసి రాశాను, 112 గంటలు.