స్టాల్ అద్దె దండగ అన్న మేనకోడలికి

భూదాన్ పోచంపల్లి

బిడ్డా,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. "అత్తా, ఎగ్జిబిషన్ స్టాల్‌కు కట్టే అద్దె దండగ, ఆ పైసలు ఇన్‌స్టాగ్రామ్ యాడ్లకు పెడితే దేశమంతా మన చీరలు చూస్తది" అన్నావు. ఫోన్‌లో చెబితే సగంలోనే అడ్డం పడతావు, అందుకే రాస్తున్నాను.

స్టాల్ మానకు. ముందు ఆ మాట చెప్పేసి తర్వాత కారణాలు చెబుతా.

శిల్పారామంలో, ఊరూరి ఎగ్జిబిషన్లలో ముప్పై ఏళ్లు చీరలు పరిచి కూర్చున్నదాన్ని. ఫోన్ బేరం నేర్చుకుని ఆరేడేళ్లయింది. రెండూ చేశాక నాకు అర్థమైందేమిటంటే, ఫోన్‌లో మళ్లీ మళ్లీ కొనేవాళ్లు దాదాపు అందరూ మొదటి చీర చేత్తో ముట్టుకుని కొన్నవాళ్లే. రీల్ చూసి కొనేవాళ్లు లేరనను. ఒక చీర తెప్పించుకుంటారు, "ఫొటోలో ఇట్ల లేదు" అంటారు, మళ్లీ కనబడరు.

అందుకని స్టాల్‌లో చీర అమ్మడం ఎంత ముఖ్యమో నంబరు తీసుకోవడం అంత ముఖ్యం. ఇక్కడొక కిటుకుంది. వాట్సాప్‌లో ఒకే మెసేజ్ చాలామందికి విడివిడిగా పోయే బ్రాడ్‌కాస్ట్ లిస్టు చేస్తే ఒక్కోదాంట్లో 256 మందే పడతారు. అందులోనూ నీ నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే నీ మెసేజ్ చేరుతుంది. ఈ సంగతి తెలియక రెండేళ్లు నేను గోడకు చెప్పుకున్నట్టు ఫొటోలు పంపాను. వాళ్ల నంబరు నీ పుస్తకంలో రాసుకుంటే సగం పనే. బిల్లు రాస్తూ, "అమ్మా, నా నంబరు కూడా ఇప్పుడే సేవ్ చేసుకోండి, పోచంపల్లి చీరలు అని పెట్టుకోండి" అని నీ ఎదుటనే చేయించు. సిగ్గుపడకు.

పుస్తకంలో పేరు పక్కన ఆమె ఏం కొన్నదో రాయి. ఏది చేతిలో పట్టుకుని, భుజాన వేసుకుని, అద్దంలో చూసుకుని మళ్లీ పెట్టేసిందో అది కూడా రాయి. "నెమలికంఠం రంగు డబుల్ ఇక్కత్, రేటు ఎక్కువని వదిలింది" అని నేను రాసుకున్న ఒక టీచరమ్మకు ఆరు నెలల తర్వాత, దసరా ముందర అదే రంగులో, నిలువు అడ్డం రెండూ కాక ఒక వైపు దారాలకే డిజైను అద్దిన సింగిల్ ఇక్కత్ ఫొటో ఒక్కటి పంపాను, దాని రేటు తక్కువ. పది నిమిషాల్లో డబ్బులు వేసింది. ఏ యాడ్‌కు తెలుస్తుంది ఆమె వదిలేసిన చీర సంగతి?

అమెరికాలో ఉన్నవాళ్లకు స్టాల్ ఎందుకు అంటావు. నిరుడు నీ కళ్లతోనే చూశావు కదా, కూతురు అక్కడి నుంచి వీడియో కాల్‌లో చూస్తోంది, తల్లి మన స్టాల్‌లో కొంగు పట్టుకుని "మెత్తగానే ఉందే" అని చెబుతోంది. అక్కడ డబ్బు కూతురుదే కానీ, చీర మంచిదని తేల్చింది తల్లి చెయ్యి.

ఇక నా తప్పు ఒకటి చెబుతాను. ఒకసారి ఒక చీర ఫొటో ఎక్కడెక్కడికో పాకిపోయింది. రెండు రోజుల్లో నలభై మంది అడిగారు. మురిసిపోయి అందరికీ సరే అన్నాను, కొందరి దగ్గర అడ్వాన్సు కూడా పట్టాను. ఒక పడుగు మీద, అంటే మగ్గానికి ఒకసారి ఎక్కించే నిలువు దారాల మీద, వచ్చేవి ఏడెనిమిది చీరలు. దానికి చిటికి కట్టాలి, అంటే రంగు పట్టకూడని చోట దారాలను బిగించి కట్టాలి, రంగులు అద్దాలి, ఆరబెట్టాలి, విప్పాలి, మళ్లీ కట్టాలి, ఆ తర్వాతే మగ్గం ఎక్కించేది. నలభై చీరలు అయ్యేసరికి ఎంత కాలం పడుతుందో నేత ఇంట్లో పుట్టినదాన్ని, నాకు తెలియదా? తెలిసే ఒప్పుకున్నాను. ఐదు నెలలకు సగం మంది డబ్బులు వాపసు అడిగారు, ఒకామె నా పేజీలో దొంగ అని రాసింది. తప్పు నాదే, ఆమెను అనడానికి లేదు.

నువ్వు ఆ పని చేయకు. పడుగులో ఎన్ని చీరలుంటే అన్నే అని పోస్టులోనే రాయి. "ఏడు ఉన్నాయి, నాలుగు పోయాయి" అని రాస్తే ఎవరూ ఏమీ అనుకోరు, తొందరపడి కొంటారు కూడా. మళ్లీ కావాలంటే ఎన్నాళ్లు పడుతుందో నేసేవాళ్లను అడిగి, దానికి ఇరవై రోజులు కలిపి చెప్పు.

కొత్త డిజైను మగ్గం మీద ఉండగా ఫొటో పెట్టకు. ఒక దుకాణదారుకు నమూనా ఫొటో పంపిన పాపానికి, మన చీర దిగకముందే అదే డిజైను ప్రింటు చీరగా బజారులో చూశాను. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే భౌగోళిక గుర్తింపు వచ్చింది, నిజమే. కానీ ప్రింటు చీరను ఇక్కత్ అని అమ్మే ప్రతివాడి వెంటా మనం పడలేము. దానికి నాకు తెలిసిన మందు వీడియోనే. రంగు దారానికే పట్టి ఉంటుంది కనుక మన చీర తిరగేసినా డిజైను అంతే కనబడుతుంది, అంచుల్లో గీతలు కొంచెం చెదిరినట్టు ఉంటాయి. మామూలు ప్రింటు చీర తిరగేస్తే వెనక వెలిసిపోయి ఉంటుంది. స్టాల్‌కు వచ్చిన ప్రతి ఒక్కరికీ నేను చీర తిరగేసి చూపిస్తాను. నువ్వూ అదే చేత్తో తిరగేస్తూ వీడియో తీయి, పాట పెట్టకు, మాట్లాడు. పట్టు చీరైతే అసలు పట్టే అని చెప్పే సిల్క్ మార్క్ ట్యాగు కూడా కనబడాలి.

రంగు తగాదాలకు సగం కారణం ట్యూబ్‌లైటు. పొద్దున ఎనిమిది, తొమ్మిది మధ్య అరుగు మీద నీడలో తీసిన ఫొటోనే నిజానికి దగ్గరగా ఉంటుంది. మెరూన్ మాత్రం ఎంత చేసినా ఫోన్‌లో ఎర్రగానే వస్తుంది, అది మాటల్లో చెప్పాల్సిందే: "పండిన నేరేడు రసం మరక రంగు" అని రాస్తే అర్థమవుతుంది. కొన్నవాళ్లను పార్సిల్ విప్పే వీడియో అడుగుతావు చూడు, అది చినిగినవాటికి పనికొస్తుంది, రంగు తగాదాకు కాదు.

రేటు దాచకు. "రేటు కోసం మెసేజ్ చేయండి" అనే పద్ధతి నాకు ఒళ్లుమంట. స్టాల్‌లో ఒక రేటు, పేజీలో ఒక రేటు కూడా వద్దు. జనం స్టాల్‌లో నిలబడే ఫోన్ తీసి చూస్తున్నారు ఇప్పుడు. బేరమాడితే ఫాల్ కుట్టించి ఇస్తానను, రేటు మాత్రం దించకు.

ఆగస్టు 7 చేనేత దినోత్సవం నాడు ఆఫర్ పెడదామన్నావు. 2015 నుంచి ఆ రోజు ఫోన్ నిండా చీరలే, మన పోస్టు ఎవరికి కనబడుతుంది? ఆ వారం పోస్టులు మాని, కొన్నవాళ్లను ఊరికి పిలువు. హైదరాబాద్ నుంచి గంటన్నర దారి. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ మన ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామమని గుర్తించాక ఎట్లాగూ వస్తున్నారు, వినోబా భావే, భూదానం అని అడుగుతూ. వచ్చినవాళ్లు మన వీధిలో దారం చుట్టే ఆసు, మగ్గం చూసి, మీ అమ్మ పెట్టిన చాయ్ తాగి పోనీ. వాళ్లే తీసి పెట్టుకునే వీడియోలకు నువ్వు పైసా కట్టక్కర్లేదు.

యాడ్లు పూర్తిగా వద్దనను. స్టాల్ ఉన్న ఊరికి, ఉన్న ఆ నాలుగు రోజులకు మాత్రమే పెట్టు, "ఫలానా చోట ఉన్నాం, వచ్చి ముట్టుకుని చూడండి" అని.

వచ్చే ఎగ్జిబిషన్‌కు అడ్వాన్సు నేను కట్టేశాను, నిన్ను అడగలేదు. నాలుగు రోజులూ నేను కూర్చుంటా. ఫోన్ పని నీది, ఛార్జర్ మర్చిపోకు. కొత్త నోటుపుస్తకం ఒకటి కొనుక్కురా, పాతది నిండిపోయింది.

మీ అత్త