సాంకేతిక సందేహాలు: ల్యాబ్‌లో ఐపీ చిరునామాల పంపకం

ప్రశ్న: అనంతపురం సప్తగిరి సర్కిల్ సమీపంలో మాకు 30 కంప్యూటర్ల శిక్షణ కేంద్రం ఉంది. ప్రతి కంప్యూటరుకూ ఐపీ చిరునామాను (నెట్‌వర్కులో దానిని గుర్తించే సంఖ్యను) చేత్తోనే టైపు చేస్తున్నాము. విద్యార్థులు సెట్టింగులు మార్చినప్పుడల్లా రెండింటికి ఒకే చిరునామా పడి నెట్ ఆగిపోతోంది. పాత కంప్యూటరులో ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టం వేసి డీహెచ్‌సీపీ (చిరునామాలను తనంతట తానే పంచే పద్ధతి) సర్వరుగా వాడాలనుకుంటున్నాము. ఒక పాత పుస్తకంలో చదివిన ఐఎస్‌సీ డీహెచ్‌సీపీ అనే సాఫ్ట్‌వేరును పెట్టుకోవచ్చా? సర్వరు ఆగితే అందరికీ నెట్ పోతుందా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఐఎస్‌సీ డీహెచ్‌సీపీ ఒకప్పుడు విరివిగా వాడుకలో ఉన్నదే గాని, దాని నిర్వహణను తయారీదారైన ఐఎస్‌సీ సంస్థ 2022లో ఆపివేసి, కియా అనే కొత్త సాఫ్ట్‌వేరుకు మారమని సూచించింది. మీ 30 కంప్యూటర్లకు కియా కూడా అక్కరలేదు. డీఎన్‌ఎస్‌మాస్క్ అనే చిన్న ప్రోగ్రాం సరిపోతుంది.

అయితే దానిని వేసే ముందు మీ వైఫై రౌటరు సెట్టింగులను తెరిచి చూడండి. చాలా రౌటర్లలో డీహెచ్‌సీపీ ముందే ఆన్‌లో ఉంటుంది. చిరునామా కావలసిన కంప్యూటరు నెట్‌వర్కు మొత్తానికీ వినిపించేలా అడిగి, సాధారణంగా ముందు అందిన జవాబునే తీసుకుంటుంది కాబట్టి, రౌటరూ సర్వరూ రెండూ పంచుతూ ఉంటే ఏది ఎవరిచ్చిన చిరునామాయో తేలక మీ తిప్పలు రెట్టింపవుతాయి. పంచేవారు ఒక్కరే ఉండాలి. నిజానికి ఆ ఒక్కరు రౌటరే అయినా మీ పని చాలావరకు గడుస్తుంది. ఏ కంప్యూటరు ఏ చిరునామా తీసుకుందో వివరంగా నమోదు కావాలనుకుంటేనే సర్వరు పెట్టండి.

పెట్టేటట్లయితే రౌటరుకు 192.168.1.1, సర్వరుకు 192.168.1.2, ప్రింటరుకు 192.168.1.10 స్థిరంగా ఇచ్చి, పంచడానికి 192.168.1.100 నుంచి 200 వరకు గల 101 చిరునామాలను కేటాయించండి. చేత్తో ఇచ్చినవేవీ ఈ వరుసలో పడకూడదు. కంప్యూటర్లలో పాత చిరునామాలను తీసివేసి, 'ఆటోమేటిక్' ఎంచుకోవడం మరువకండి. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది: గేట్‌వే (బయటి నెట్‌కు దారి ఇచ్చే పరికరం) ఏదో మీరు చెప్పకపోతే డీఎన్‌ఎస్‌మాస్క్ తన చిరునామానే గేట్‌వేగా పంపుతుంది. అప్పుడు చిరునామా చక్కగా వస్తుంది, నెట్ మాత్రం రాదు. అందుచేత డీఎన్‌ఎస్‌మాస్క్ సెట్టింగుల్లో గేట్‌వేను తెలిపే ఆప్షన్ 3 కింద రౌటరు చిరునామా తప్పక రాయండి.

సర్వరు ఆగినంత మాత్రాన అందరికీ నెట్ పోదు. అది చిరునామాను గడువుతో ఇస్తుంది. గడువు 12 గంటలైతే కంప్యూటరు సుమారు 6 గంటలకే పొడిగింపు అడుగుతుంది, సర్వరు పలకకపోయినా గడువు తీరేదాకా పాత చిరునామాతోనే పనిచేస్తుంది. చిక్కంతా కరెంటు పోయి వచ్చినప్పుడే. అన్నీ ఒక్కసారిగా ఆన్ అయి, మీ పాత సర్వరు ఇంకా లేవకపోతే, విండోస్ కంప్యూటర్లు 169.254తో మొదలయ్యే చిరునామాను తమంతట తామే పెట్టుకోవచ్చు, దానితో నెట్ రాదు. సర్వరును, రౌటరును, స్విచ్‌ను యూపీఎస్ మీద ఉంచితే ఈ బెడద తగ్గుతుంది. అప్పటికీ అలాంటి చిరునామా కనిపిస్తే, సర్వరు లేచిన తర్వాత ఆ కంప్యూటరులో 'ఐపీకాన్ఫిగ్ /రెన్యూ' (ipconfig /renew) ఆదేశం ఇవ్వండి.