హోటల్లో రేడియో పెడితే ఎవరికి కట్టాలి?

ప్రశ్న: మాది పాలకొల్లులో కాలువ గట్టున చిన్న టిఫిన్ హోటలు. మావారు ఉన్న రోజుల నుంచీ పొద్దున్నే రేడియోలో విజయవాడ కేంద్రం పెట్టడం అలవాటు. ఆ తర్వాత ఫోనులోంచి పాత సినిమా పాటలు వేస్తాం. కిందటి నెల ఒకాయన వచ్చి, మీకు పాటల లైసెన్సు లేదు, ఇప్పుడే ఆరు వేలు ఇస్తే సరిపోతుంది, లేకపోతే పోలీసు కేసవుతుంది అన్నాడు. రేడియో వాళ్ళు పాటకు డబ్బు కట్టే ఉంటారు కదా, మళ్ళీ నేనెందుకు కట్టాలి?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: అమ్మా, ముందు ఆ మనిషి చేతికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. అలాగని లైసెన్సు అన్నమాట పూర్తిగా కల్పన అని కొట్టిపారేయకండి.

మీ అత్తగారి కాలంలో రేడియోకు ఏటా పోస్టాఫీసులో లైసెన్సు కట్టేవారు, చిన్న పుస్తకంలో స్టాంపులు అంటించేవారు. అది 1980లలోనే పోయింది. అప్పటి రుసుము రేడియో పెట్టెకు. ఇప్పుడు అడిగేది పాటకు. ఈ రెండూ కలగలిసిపోయి, రేడియోకు లైసెన్సు ఎత్తేశారు కదా అని మన జిల్లాలో చాలామంది వ్యాపారులు ధీమాగా ఉన్నారు.

రేడియో కేంద్రం కట్టేది ప్రసారం చేసినందుకు. ఆ ప్రసారాన్ని మీరు ఇంట్లో వింటే ఎవరికీ ఏమీ కట్టనక్కరలేదు. వ్యాపారం జరిగే చోట పదిమందికి వినిపిస్తే మాత్రం, 1957 కాపీరైటు చట్టం లెక్కలో అది పాటను ప్రజలకు అందించడమే. పెసరట్టు తినేవాళ్ళు పాట కోసం రాలేదని మీరు అనవచ్చు. వాళ్ళు విన్నారా లేదా అన్నది చట్టం చూడదు, వినే వీలు కల్పించారా అన్నదే చూస్తుంది. రేడియో కేంద్రానికి తన ప్రసారం మీద వేరే హక్కు ఒకటి ఉంది గానీ, మీరు వినిపించినందుకు రుసుము వసూలు చేస్తేనే అది అడ్డొస్తుంది. టిఫినుకు తప్ప పాటకు మీరు డబ్బు తీసుకోవడం లేదు కాబట్టి ఆ బెడద మీకు లేదు. ఇక ఫోనులో పాటలిచ్చే యాప్‌ల చందా సొంతంగా వినడానికే. హోటల్లో వేయడానికి అది చాలదు.

ఒక పాటలో హక్కులు రెండు రకాలు. సాహిత్యం, బాణీ ఒకటి, రికార్డింగు ఇంకొకటి. మొదటిదానికి 1969లో ఏర్పడిన ఐ.పి.ఆర్.ఎస్. అనే కవుల, స్వరకర్తల సంఘం లైసెన్సు ఇస్తుంది. రెండోదానికి ఆర్.ఎం.పి.ఎల్. అని, కాపీరైటు చట్టం కింద రిజిస్టరైన సంఘం ఉంది. ఇవి కాక, పాటల హక్కులు మాకు రాసిచ్చారంటూ సొంతంగా వసూలు చేసే కంపెనీలూ ఉన్నాయి. రిజిస్ట్రేషను లేకుండా వాళ్ళు అలా వసూలు చేయవచ్చా అన్న వివాదం కోర్టుల్లో నడుస్తోంది. అందుకే వచ్చిన మనిషిని నాలుగు కాగితాలు అడగండి: ఏ సంస్థ తరఫున వచ్చాడు, దాని రిజిస్ట్రేషను, ఏయే పాటల మీద హక్కుంది, ప్రకటించిన రేట్ల పట్టిక. చెల్లింపు సంస్థ బ్యాంకు ఖాతాకే, రసీదుతోనే. నరసాపురం కోర్టులో ఇన్నేళ్ళు ప్రాక్టీసు చేసినవాడిగా చెబుతున్నాను, నిజంగా హక్కున్న సంస్థ రాతపూర్వకంగా నోటీసు పంపడానికి వెనకాడదు. "ఇప్పుడే, నగదే" అన్నాడంటే అనుమానించాల్సిందే. కేసన్నది మాత్రం ఉత్త బెదిరింపు కాదు. తెలిసి ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ళ దాకా జైలు, యాభై వేల నుంచి రెండు లక్షల దాకా జరిమానా చట్టంలో ఉన్నాయి.

పాత పాటలు కదా, హక్కులు తీరిపోయి ఉంటాయి అనుకోవద్దు. రికార్డింగు మీద హక్కు, అది విడుదలైన సంవత్సరం ముగిశాక 60 ఏళ్ళు ఉంటుంది. అంటే 1957లో వచ్చిన రికార్డు హక్కు 2017తో ముగిసింది. బాణీ హక్కు మాత్రం కట్టినవారు పోయాక 60 ఏళ్ళు నిలుస్తుంది. ఘంటసాల గారు 1974లో వెళ్ళిపోయారు; ఆయన బాణీలకు 2034 చివరి దాకా హక్కుంది. త్యాగరాజ కీర్తన ఎవరి సొత్తూ కాదు గానీ, దాన్ని ఈ మధ్య ఎవరైనా పాడి విడుదల చేస్తే ఆ రికార్డింగు మాత్రం వాళ్ళదే. మీ ఊళ్ళో నాదస్వర విద్వాంసుణ్ణి పిలిచి అదే కీర్తన వాయించుకుంటే ఎవరినీ అడగక్కరలేదు.

మీకు ఇష్టమున్నా లేకపోయినా ఒక మాట చెప్పాలి. 2012 సవరణకు ముందు సినిమాకు రాసిన కవి నిర్మాతకు సంతకం పెట్టిచ్చాక, తర్వాత వచ్చే రాబడిలో చాలాసార్లు దమ్మిడీ దక్కేది కాదు. ఆ సవరణతో, సినిమా హాలులో ఆడినప్పుడు తప్ప మిగతా వాడకాల రాబడిలో కవికీ స్వరకర్తకూ సమాన వాటా వచ్చింది. దాన్ని వదులుకుంటున్నానని రాయించుకున్నా చెల్లదు. న్యాయమైన రేటుకు మీరు కట్టే సొమ్ములో ఆ వాటా ఉంది. కాబట్టి కట్టండి, కానీ కట్టవలసిన వాళ్ళకు. అంత భారం వద్దనుకుంటే రేడియోలో వార్తలు పెట్టుకుని పాటలు మానేయవచ్చు.

ప్రశ్న: రావులపాలెం దగ్గర కళ్యాణ మండపం నడుపుతున్నాను. పెళ్ళిలో పాటలు పెట్టినా లైసెన్సు ఉండాలా?

జవాబు: అక్కరలేదండీ. చట్టం 52వ సెక్షనులో మతపరమైన వేడుకలకు మినహాయింపు ఉంది. పెళ్ళి ఊరేగింపు, పెళ్ళికి సంబంధించిన ఇతర సంబరాలు అందులోకే వస్తాయని అక్కడే వివరణ ఇచ్చారు. 2023 జులైలో కేంద్ర ప్రభుత్వం కూడా ఇదే చెబుతూ ప్రకటన ఇచ్చింది. దాని ప్రతి ఒకటి మండపం ఆఫీసులో పెట్టుకోండి. అయితే కొత్త సంవత్సరం టికెట్టు పార్టీకీ, కంపెనీ విందుకూ ఇది వర్తించదు. ఓణీల వేడుక పేరు ఆ వివరణలో లేదు. దానికి ముందే అనుమతి తీసుకోవడం మేలు.

ప్రశ్న: అంబాజీపేట దగ్గర మా ఊరి కుర్రాళ్ళం కనుమనాడు తీర్థంలో మైకు పెట్టి, రాత్రికి పద్యనాటకం వేద్దామనుకుంటున్నాం.

జవాబు: టికెట్టు లేకుండా ఔత్సాహిక బృందం వేసే నాటకానికి కాపీరైటు ఇబ్బంది లేదు. మైకు సంగతి వేరు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాతపూర్వక అనుమతి తప్పనిసరి. ఆరుబయట రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకు కుదరదు. పండుగలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. కనుమ ఆ రోజుల్లో ఉందో లేదో పోలీసు స్టేషనులో ముందే అడగండి. దరఖాస్తులో వేళలు స్పష్టంగా రాసి, నకలు మీద ముద్ర వేయించుకుని, మైకుసెట్టు ఆయనకు ఒక ప్రతి ఇవ్వండి.