మూత్రాశయ క్యాన్సర్ ఇమ్యునోథెరపీపై పరిశోధన చేయాలంటే?

ప్రశ్న: బీఎస్సీ బయోటెక్నాలజీ ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. ఇమ్యునోథెరపీ (శరీర రక్షణ వ్యవస్థనే ఆయుధంగా వాడే చికిత్స) మూత్రాశయ క్యాన్సర్ కణాలను ఎలా చంపుతుందో పరిశోధించాలని ఉంది. ఎమ్మెస్సీలో ఇమ్యునాలజీయే తీసుకోవాలా?
- ఓ విద్యార్థిని, ఖమ్మం

జవాబు: అక్కర్లేదు. బయోటెక్నాలజీ, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ ఏదైనా సరిపోతుంది. కోర్సు పేరు పక్కన పెట్టి, ఆ విభాగంలో కణాలను పెంచే సెల్ కల్చర్ గది, కణాలను ఒక్కొక్కటిగా లేజర్‌తో పరీక్షించే ఫ్లో సైటోమీటర్ ఉన్నాయా, వాటిని విద్యార్థుల చేతికిస్తారా అని అక్కడి సీనియర్లను అడగండి. ఈ రంగంలో రోజూ తేల్చాల్సింది కణాన్ని ఎవరు చంపారు, ఏ దారిలో చంపారు అనే.

ఉదాహరణకు బీసీజీనే చూడండి. క్షయ టీకాలోని ఈ బ్యాక్టీరియాను, కండరం దాకా పాకని మూత్రాశయ క్యాన్సర్‌లో మందుగా వాడతారు. కెనడా వైద్యుడు మొరాలెస్ బృందం తొలి ఫలితాలు 1976లో వచ్చాయి. కణితిని తొలగించాక క్యాథెటర్‌తో మూత్రాశయంలోకి ఎక్కించి సుమారు 2 గంటలు ఉంచుతారు. మొదట వారానికోసారి చొప్పున 6 వారాలు. అక్కడికి చేరిన న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) ట్రెయిల్ అనే ప్రోటీన్‌ను వదులుతాయి. అది క్యాన్సర్ కణం మీది గ్రాహకాన్ని పట్టుకుని కణం తనంతట తాను చచ్చేలా చేసే ఎంజైమ్‌లలో ఒకటైన కాస్పేస్-8ను పనిలోకి దించుతుంది. రక్షణ వ్యవస్థలోని టి కణాలు, ఎన్‌కే కణాలు పెర్ఫోరిన్ అనే ప్రోటీన్‌తో దారి చేసి గ్రాంజైమ్‌లనే ఎంజైమ్‌లను లోపలికి పంపుతాయి. రెండు దారులూ చివరికి కాస్పేస్-3 దగ్గర కలుస్తాయి. పెంబ్రోలిజుమాబ్ లాంటి చెక్‌పాయింట్ మందులు మాత్రం నేరుగా కణాన్ని చంపవు, టి కణానికి పడిన బ్రేకు తీస్తాయంతే. పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి వెళ్లేలోపు ఈ తేడా కాగితం మీద గీసి చెప్పగలగాలి.

ఎన్ని కణాలు చచ్చాయో తేల్చడానికి ల్యాబ్‌లో ఎక్కువగా వాడేది అనెక్సిన్-వి, పీఐ (ప్రొపిడియం అయొడైడ్) రంగుల పరీక్ష. తేలిగ్గా కనిపిస్తుంది గానీ, తప్పులన్నీ ఇక్కడే. చచ్చిన కణాలు ప్లేటు వదిలి మీడియంలో (కణాలను పెంచే ద్రవంలో) తేలతాయి. పాత మీడియం పారబోస్తే మరణాలు తక్కువగా కనిపిస్తాయి కాబట్టి దాన్నీ సెంట్రిఫ్యూజ్ చేసి కలుపుకోవాలి. కణాలను ప్లేటు నుంచి ఊడదీసే ట్రిప్సిన్‌ను ఎక్కువసేపు ఉంచితే బతికున్న కణాల పొరే దెబ్బతిని, అవీ చచ్చినట్టు లెక్కలోకి వస్తాయి. అనెక్సిన్ అంటుకోవడానికి కాల్షియం కావాలి. ట్రిప్సిన్‌తో కలిపి వాడే ఈడీటీఏ మిగిలిపోతే ఆ కాల్షియాన్ని లాగేసుకుంటుంది, కాబట్టి బాగా కడగాలి. చీకట్లో 15 నిమిషాలు ఉంచి, గంటలోపు రీడింగ్ తీయాలి. టీ24 వంటి మూత్రాశయ క్యాన్సర్ కణాలతో టి కణాలను కలిపి పెంచితే టి కణాలూ చస్తాయి. ముందే క్యాన్సర్ కణాలకు రంగు వేయకపోతే ఎవరి శవాలో తెలియదు.

ప్రవేశ పరీక్షలు: కేంద్ర బయోటెక్నాలజీ విభాగం (డీబీటీ) సాయంతో నడిచే ఎమ్మెస్సీ బయోటెక్నాలజీకి గాట్-బి, ఐఐటీలకు జామ్, కేంద్రీయ వర్సిటీల్లోని ఇతర కోర్సులకు సీయూఈటీ పీజీ, తెలంగాణ వర్సిటీలకు సీపీగెట్. పీహెచ్‌డీ ఫెలోషిప్ కోసం ఎమ్మెస్సీ రెండో ఏడాదిలోనే సీఎస్‌ఐఆర్ నెట్, డీబీటీ బెట్ పరీక్షలు రాయండి. జేఆర్‌ఎఫ్ (జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు రూ.37,000, పైన ఇంటద్దె భత్యం. హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థలు ఉన్నాయి. దరఖాస్తుకు ముందు అక్కడి శాస్త్రవేత్తల్లో కణ మరణం మీద, రోగనిరోధకత మీద ఎవరు పనిచేస్తున్నారో వెబ్‌సైట్‌లో చూసి, వాళ్ల ఇటీవలి పేపర్లు రెండు చదివి, ఆర్నెల్ల ప్రాజెక్టు కోసం మెయిల్ పెట్టండి.