తేలని ఆ డిప్‌నే పట్టుకెళ్ళు

ప్రశ్న: మాది బరంపురం. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. ఎం.ఎస్సీ. ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతున్నాను. సౌర కుటుంబం బయటి గ్రహాల మీద పనిచేసేవాళ్ళంతా కలుసుకునే ప్రాంతీయ సమావేశం భువనేశ్వర్ దగ్గర రెండు రోజులు పెడుతున్నారు, మా సార్ నా పేరు ఇచ్చేశారు. ఒక్కొక్కరు మూడు నిమిషాలు మాట్లాడాలట. అందరూ పేపర్లు వేసినవాళ్ళే. నా దగ్గరున్నది గ్రహాల్ని వెతికే నాసా ఉపగ్రహం టెస్ డేటాతో గీసిన ఒక లైట్ కర్వ్ (నక్షత్రం వెలుగు హెచ్చుతగ్గుల గ్రాఫ్), అందులో గ్రహమో కాదో తేలని ఒక డిప్, అంటే వెలుగు కాస్త తగ్గిన చోటు, అంతే. ఒకటే టెన్షన్. జ్వరమని చెప్పి మానేయనా?

జవాబు: మానకమ్మా. ఆ తేలని డిప్ కోసమే ఇలాంటి సమావేశాలు పెడతారు.

ఈ రంగంలో ఒక్కరే కూర్చుని గ్రహాన్ని తేల్చడం చాలా కష్టం. నక్షత్రం ముందు నుంచి గ్రహం దాటినప్పుడు వెలుగు ఎంత తగ్గిందో చూస్తే సైజు తెలుస్తుంది గానీ బరువు తెలియదు. బరువు కావాలంటే గ్రహం లాగుడుకి నక్షత్రం ఎంత ఊగుతోందో కొలవాలి, మన దేశంలో ఆ పని మౌంట్ అబూలో పీఆర్ఎల్ (ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ) వాళ్ళ పారస్ అనే పరికరం చేస్తుంది. 2018లో వాళ్ళు ప్రకటించిన గ్రహం సంగతే చూడు: డిప్ కనిపించింది కెప్లర్ అంతరిక్ష టెలిస్కోప్ డేటాలో, అది భూమికి సుమారు 27 రెట్లు బరువని తేలింది మౌంట్ అబూలో. అంటే డిప్ ఉన్నవాళ్ళకీ ఊగుడు కొలిచేవాళ్ళకీ పరిచయం ఉండాలి. భువనేశ్వర్ పక్కన జట్నీలోని పరిశోధన సంస్థ నైసర్‌లో ఈ గ్రహాల వాతావరణాల మీద పనిచేసేవాళ్ళున్నారు, నీకు రైల్లో కొన్ని గంటల దూరమే.

మూడు నిమిషాల్లో సూర్యుడి లాంటి నక్షత్రం చుట్టూ మొదట దొరికిన 1995 నాటి పెగాసస్ గ్రహం, దానికొచ్చిన నోబెల్ అంటూ మొదలుపెట్టకు, అవి అక్కడ అందరికీ తెలుసు. తిన్నగా గ్రాఫ్ చూపించు. వెలుగు ఎంత శాతం తగ్గింది, ఎన్ని రోజులకోసారి తగ్గుతోంది, డిప్ తొట్టిలా అడుగు బల్లపరుపుగా ఉందా, గరాటులా కోసుగా ఉందా? కోసుగా ఉంటే రెండు నక్షత్రాలు ఒకదాన్నొకటి అంచు మేర మరుగుచేస్తున్నాయేమోనని అనుమానించాలి. బేసి డిప్‌లు ఒకపక్క, సరి డిప్‌లు ఒకపక్క పెట్టి లోతు పోల్చావా? ఒకటి లోతుగా, ఒకటి పైపైన వస్తుంటే అది చాలావరకు జంట నక్షత్రాల పనే. ఈ పరీక్ష బయలుదేరేలోపే చేసెయ్యి, ఎవరో ఒకరు అడగకుండా ఉండరు. టెస్ కెమెరాలో ఒక్కో పిక్సెల్ ఆకాశంలో 21 ఆర్క్‌సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను), పక్క నక్షత్రం వెలుగు కూడా అందులోనే పడుతుంది. కాబట్టి చివర్లో "ఈ డిప్ నా నక్షత్రానిదా, పక్కదానిదా, ఎలా తేల్చాలి?" అని అడిగేసి దిగిపో.

గ్రాఫ్‌ని ఏ4 కాగితం మీద ప్రింట్ తీసుకో, ల్యాప్‌టాప్ తెరిచేలోపు టీ బ్రేక్ అయిపోతుంది. పెద్ద ప్రొఫెసర్ల చుట్టూ ఎలాగూ గుంపు ఉంటుంది, నువ్వు పీహెచ్‌డీ రెండో ఏడాది, మూడో ఏడాది వాళ్ళని పట్టుకో, ఇలాంటి డిప్‌లతో ఈమధ్యే కుస్తీ పట్టినవాళ్ళు వాళ్ళు. ఇంగ్లీషు తడబడితే ఒడియాలో మాట్లాడు. ఎవరితో మాట్లాడావో ఆ రాత్రే రాసుకుని, గ్రాఫ్ జతచేసి మెయిల్ పెట్టు.

ప్రశ్న: సౌర కుటుంబం బయటి గ్రహాల్లో దేనికైనా మన పేరు పెట్టారా? (ఒక టీచర్, రాయగడ)

జవాబు: పెట్టారండి. 2019లో హెచ్‌డీ 86081 అనే నక్షత్రానికి భౌతిక శాస్త్రవేత్త బిభా చౌధురి గుర్తుగా బిభా అనీ, దాని గ్రహానికి సంతమస అనీ మన దేశం తరఫున పేర్లు ఖాయమయ్యాయి. సంతమసం అంటే మన నిఘంటువుల్లో అంతటా కమ్మిన చీకటి. అది తన నక్షత్రాన్ని 2.1 రోజుల్లో చుట్టేస్తుంది. మీ పిల్లలకు ఇలా చెప్పండి: సోమవారం పొద్దున బడి గంట కొట్టినప్పుడు అక్కడ ఏడాది మొదలైతే, బుధవారం మధ్యాహ్న భోజనం వేళకి అయిపోతుంది.