రికార్డ్ అనే మాటను లైను చివర ఎక్కడ విరవాలి, అర్థం ఎలా రాయాలి?

బడిపిల్లల కోసం తయారు చేస్తున్న ఇంగ్లీషు–తెలుగు పదకోశంలో రికార్డ్ (record) అనే మాట లైనులో పట్టకపోతే హైఫెన్ ఎక్కడ పెట్టాలి, దానికి నిర్వచనం ఎలా ఇవ్వాలి అని అడిగారు. విజయవాడ ఏలూరు రోడ్డులో ఇంటర్మీడియట్ పుస్తకాలకు ప్రూఫులు దిద్దే నాకు ఈ రెండూ తరచుగా ఎదురయ్యే ప్రశ్నలే. ముందు అర్థం తేలితే గాని హైఫెన్ చోటు తేలదన్నది నా అనుభవం.

ఆ మాట నామవాచకమైతే ఊనిక, అంటే పలికేటప్పుడు నొక్కి చెప్పడం, మొదటి భాగం మీద పడుతుంది కనుక సి అక్షరం తరువాత విరుగుతుంది. క్రియ అయితే ఊనిక రెండవ భాగానికి జరిగి, ఆర్, ఇ అనే రెండక్షరాల తరువాతే విరుగుతుంది. మన డీటీపీ ఆపరేటర్లు ఎక్కువగా రెండవ విధంగానే విరుస్తారు, అందుకు కారణం కూడా ఉంది: తెలుగులో అక్షరం సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది, కాబట్టి 'రి' దగ్గర ఆగడం మన చెవికి సహజంగా ఉంటుంది. ఇంగ్లీషులో ఊనిక పడిన హ్రస్వాచ్చు తరువాతి హల్లును తన వైపే ఉంచుకుంటుంది. అందువల్ల 'ప్రాక్టికల్ రికార్డ్' అన్నచోట ఆ సి అక్షరాన్ని పై లైనులోకి నేను చాలాసార్లు మార్పించాను.

ఈ పనిని సాఫ్ట్‌వేర్‌కు పూర్తిగా వదిలేయకండి. ఫ్రాంక్ లియాంగ్ 1983లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంత వ్యాసంలోని మాటలు విరిచే పద్ధతి, డొనాల్డ్ నూత్ రూపొందించిన టెక్ అనే అక్షరకూర్పు సాఫ్ట్‌వేర్‌లో నేటికీ వాడుకలో ఉంది; అది అక్షరాల వరుసను చూస్తుంది గాని వాక్యాన్ని చదవదు. అందుకే ఇదే స్వభావం గల ప్రజెంట్, ప్రాజెక్ట్ అనే మాటలను విరవకూడని మినహాయింపులుగా అందులో చేర్చారు. ఆ జాగ్రత్త నాకెంతో నచ్చింది. మీకు సందేహం వస్తే మాట మొత్తాన్నీ కింది లైనుకు దింపండి. నాలెడ్జ్ వంటి మాటల్లో అమెరికన్, బ్రిటిష్ పద్ధతులే వేరు గనుక పుస్తకమంతటికీ ఒకే నిఘంటువును పాటించాలి.

ఇక నిర్వచనంలో 'రికార్డు చేసినది' అని రాస్తే పిల్లవాడికి ఏమీ తెలియదు. నామవాచకానికి 'జరిగినదాన్ని తరువాత చూసుకోవడానికి రాసి గాని, ధ్వనిగా లేదా చిత్రంగా గాని భద్రపరచిన ఆధారం' అని, క్రియకు 'అలా భద్రపరచడం' అని రాయండి. ఆటల్లో వాడే 'అంతవరకు ఎవరూ సాధించని అత్యుత్తమ ఫలితం' అనే అర్థానికి వేరే సంఖ్య వేసి, నామవాచకం కిందనే చేర్చండి.